మైదానం చెప్పిన చరిత్ర – 8: నలభై నాలుగో నంబరు వారసుడు

గత భాగంలో జిమ్ బ్రౌన్ దగ్గర ఆగాం. 1956లో కోల్గేట్ జట్టు మీద ఒక్క ఆటలోనే 43 పాయింట్లు చేసినవాడు. 1957 జనవరి 1న డాలస్‌లో జరిగిన కాటన్ బౌల్ అనే సీజన్ ముగింపు ఆటలో ఒంటి చేత్తో 21 పాయింట్లు తెచ్చినా, సిరక్యూస్ యూనివర్సిటీ జట్టు 28-27తో ఒక్క పాయింటు తేడాలో ఓడిపోయింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా మేటి ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓటింగ్‌లో ఆ సీజన్ అతనికి దక్కింది ఐదో స్థానం. ట్రోఫీ వెళ్ళింది నోటర్‌డామ్ క్వార్టర్‌బ్యాక్ పాల్ హార్నంగ్‌కి. ఆ ఏడాది నోటర్‌డామ్ పది ఆటలు ఆడి ఎనిమిది ఓడిపోయింది. ఓటములే ఎక్కువగా ఉన్న జట్టు ఆటగాడికి హైస్‌మన్ ఇవ్వడం అదొక్కసారే. బ్రౌన్ ఒంటి రంగే అతన్ని ఐదో స్థానానికి నెట్టిందని అతని అభిమానులు ఇప్పటికీ అంటారు. నేనూ ఆ మాటే అంటాను.

అక్కడికి ఐదేళ్ళకి అదే యూనివర్సిటీ నుంచి, అదే కోచ్ చేతికింద, అదే 44వ నంబరు జెర్సీ తొడుక్కుని ఆడిన మరో నల్లజాతి కుర్రాడికి అదే ట్రోఫీ ఇవ్వక తప్పలేదు. అతని పేరు ఎర్నీ డేవిస్. ఈ భాగం అతనిదే.

డేవిస్ పేరు విన్నవాళ్ళలో ఎక్కువమంది అతని చావు దగ్గరే మొదలుపెడతారు. 23 ఏళ్ళకే లుకేమియాతో పోయాడు, ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు, అయ్యో పాపం అంటారు. ఆ జాలి మాటున అతను ఆడిన మూడు సీజన్లు కనపడకుండా పోయాయి. అతని బతుకంతా ఆ మూడు సీజన్లలోనే ఉంది. 1959, 1960, 1961. వాటిని ఆటగా, లెక్కలతో సహా చెప్పుకోవాలి. ఇది అతనికి మనం ఇవ్వాల్సిన కనీస మర్యాద.

కొత్తగా చేరిన పాఠకుల కోసం ఆట గురించి నాలుగు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం వంద గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు ఇస్తారు, ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మరో నాలుగు అవకాశాలు, లేకపోతే బంతి అవతలివాళ్ళకి పోతుంది. చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. రన్నింగ్ బ్యాక్ అంటే బంతిని పొట్టకి అదుముకుని, మీదపడే పదకొండు మంది మధ్య నుంచి పరుగెత్తేవాడు. కబడ్డీలో కూతకెళ్ళినవాడు ఒళ్ళు విదిలించుకుని గీత తాకే ఒడుపు తెలిసిన మనకి ఈ పని కష్టమేంటో వేరే చెప్పక్కర్లేదు. పరుగుకి సగటున ఐదు గజాలు తెస్తే మంచి ఆటగాడు కింద లెక్క. ఈ ఐదు అంకె గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఎర్నీ 1939 డిసెంబర్ 14న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని న్యూ సేలంలో పుట్టాడు. తండ్రి ప్రమాదంలో పోయాడు. పక్కనే ఉన్న యూనియన్‌టౌన్‌లో తాత విల్లీ డేవిస్, అమ్మమ్మ ఎలిజబెత్ పెంచారు. అది బొగ్గు గనుల సీమ, తాతది గని పని. చిన్నప్పుడు పిల్లాడికి నత్తి. పెద్దయ్యాక కూడా అతను మితభాషిగానే ఉండిపోవడానికి అదొక కారణం కావచ్చు. పన్నెండేళ్ళ వయసులో తల్లి మేరీ, సవతి తండ్రి ఉంటున్న ఎల్మైరాకి వచ్చాడు.

న్యూయార్క్ రాష్ట్రం దక్షిణపు అంచున ఉన్న ఈ చిన్న ఊరి గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. అంతర్యుద్ధ కాలంలో ఎల్మైరాలో దక్షిణాది సైనికుల కోసం పెద్ద ఖైదీల శిబిరం ఉండేది. చలికి, రోగాలకి అక్కడ దాదాపు మూడు వేల మంది చనిపోయారు. వాళ్ళని పూడ్చే పని జాన్ జోన్స్ అనే నల్లజాతి కాటికాపరి మీద పడింది. వర్జీనియాలో బానిసత్వం నుంచి తప్పించుకుని ఆ ఊరు చేరినవాడతను. తనలాంటివాళ్ళని బానిసలుగానే ఉంచాలని యుద్ధం చేసినవాళ్ళ శవాలని, 2,973 మందిని, ఎవరి పేరు ఎవరిదో తప్పిపోకుండా రాసిపెట్టి, వరసగా, మర్యాదగా పూడ్చిపెట్టాడు. వుడ్‌లాన్ శ్మశానంలో ఆ వరసలు ఇప్పటికీ ఉన్నాయి. మార్క్ ట్వేన్ సమాధి ఉన్నదీ ఆ ఊరి వుడ్‌లాన్‌లోనే.

ఎల్మైరా ఫ్రీ అకాడమీ అనే హైస్కూల్లో ఎర్నీ ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ మూడూ ఆడాడు. అతను ఆడిన రోజుల్లో ఆ స్కూలు బాస్కెట్‌బాల్ జట్టు వరసగా 52 ఆటలు గెలిచింది. బాస్కెట్‌బాల్‌లోనే పైకొస్తాడని ఊళ్ళో చాలామంది నమ్మకం. స్థానిక పత్రిక క్రీడా రచయిత అల్ మాలెట్ అతనికి 'ఎల్మైరా ఎక్స్‌ప్రెస్' అని పేరు పెట్టాడు. జీవితాంతం ఆ పేరే నిలిచింది.

నోటర్‌డామ్‌తో సహా పేరున్న యూనివర్సిటీలు ఎన్నో అతని కోసం పోటీపడ్డాయి. సిరక్యూస్ దగ్గర్లోనే ఉంది, కానీ దగ్గర కావడం ఒక్కటే చాలదు. కోచ్ బెన్ ష్వార్ట్‌జ్‌వాల్డర్ ఒక పని చేశాడు. అప్పటికే క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తరఫున ప్రొఫెషనల్ లీగ్‌లో మోతమోగిస్తున్న జిమ్ బ్రౌన్‌నే ఎర్నీని ఒప్పించమని కోరాడు. బ్రౌన్‌కి సిరక్యూస్ పెట్టిన ఇబ్బందులు గత భాగంలో చదివారు. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ కూడా లేకుండా, సొంతూరి పెద్దలు చందాలు వేసుకుంటే చదివినవాడు. అలాంటివాడు అదే చోటికి మరో నల్లజాతి కుర్రాడిని రమ్మన్నాడంటే, తాను పడ్డ పాట్లు వీడు పడకూడదని గట్టిగా అనుకుని ఉండాలి. ఎర్నీ సిరక్యూస్‌లో చేరాడు.

ఆ కోచ్ గురించి కూడా తెలియాలి. 1944 జూన్‌లో నార్మండీ తీరం మీద పారాచూట్‌తో దూకిన సైనికాధికారి. యుద్ధం నుంచి తిరిగొచ్చి 1949లో సిరక్యూస్ జట్టు చేతుల్లోకి తీసుకున్నాడు. గాల్లో పాసులు విసిరే ఆట కంటే నేలమీద పరుగు ఆటే అతనికి నమ్మకం. కఠినుడు, పాతకాలపు మనిషి. ఈ మనిషి దగ్గరికి మళ్ళీ వస్తాం.

అప్పటి నిబంధన ప్రకారం మొదటి ఏడాది విద్యార్థులు యూనివర్సిటీ ప్రధాన జట్టులో ఆడకూడదు. అందుకే నాలుగేళ్ళ చదువులో ఆటకి మిగిలేవి మూడు సీజన్లే. ఇంకో నిబంధన కూడా ఉంది. ఆటగాళ్ళని మాటిమాటికీ మార్చడం కుదరదు. ఈ రోజుల్లో దాడికి ఒక జట్టు, కాపుకి మరో జట్టు ఉంటాయి. అప్పట్లో పరుగెత్తి అలిసిపోయినవాడే బంతి చేయి మారగానే వెనక్కి వెళ్ళి కాపు కాయాలి. డేవిస్ లెక్కలు చూసేటప్పుడు ఇది మర్చిపోకూడదు. ఆ గజాలన్నీ రెండు పనులూ చేస్తూ తెచ్చినవి.

1959 సీజన్‌కి సిరక్యూస్ మీద ఎవరికీ పెద్ద ఆశల్లేవు. ఆ జట్టు బలం ముందు వరసలో ఉంది. బంతి పట్టినవాడికి దారి చేసిపెట్టే ఏడుగురు భారీ ఆటగాళ్ళు వాళ్ళు, పత్రికలు వాళ్ళని ముద్దుగా 'సైజబుల్ సెవెన్' అన్నాయి. వాళ్ళు తెరిచిన సందుల్లోంచి ఎర్నీ దూసుకుపోయేవాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి. బ్రౌన్ ఎదురొచ్చినవాణ్ణి గుద్దుకుని పోయేవాడు. డేవిస్ అవసరమైతే గుద్దుతాడు, లేకపోతే నడుం తిప్పి తప్పుకుపోతాడు. ఒక అడుగు లోపలికి వేసినట్టు చూపించి బయటికి జారిపోవడం అతని పద్ధతి.

మేరీలాండ్ మీద 29-0, వెస్ట్ వర్జీనియా మీద 44-0, పిట్స్‌బర్గ్ మీద 35-0, కోల్గేట్ మీద 71-0. వరస చూస్తే ఇవి పోటీల్లా లేవు. నిజంగా పోటీ అనిపించింది నవంబర్ 7న పెన్ స్టేట్ మైదానంలో. అప్పటికి రెండు జట్లకీ ఓటమి లేదు. ఆట 20-18తో ముగిసింది. ఆ అంకెలను కాస్త విడదీసి చూడండి. రెండు జట్లూ చెరి మూడు టచ్‌డౌన్లు చేశాయి, అంటే చెరి 18. టచ్‌డౌన్ తర్వాత దక్కే అదనపు అవకాశాలు మూడూ పెన్ స్టేట్ పోగొట్టుకుంది. సిరక్యూస్ రెండు నిలబెట్టుకుంది. జాతీయ ఛాంపియన్‌షిప్ ఆ రెండు పాయింట్ల మీద నిలబడింది. చివరి నిమిషాల్లో బంతి అవతలివాళ్ళకి దక్కకుండా, గజం గజం నేలమీదే నడుపుకుంటూ సిరక్యూస్ గడియారాన్ని కరగదీసింది.

ఆ సీజన్‌లో సిరక్యూస్ పది ఆటలూ గెలిచి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. మొత్తం గజాలు సంపాదించడంలోనూ, ప్రత్యర్థికి గజాలు ఇవ్వకపోవడంలోనూ దేశంలో అదే మొదటిది. రెండో ఏడాది విద్యార్థి డేవిస్ 98 సార్లు బంతి పట్టి 686 గజాలు పరుగెత్తాడు. సగటు సరిగ్గా ఏడు.

ఇక్కడ ఒక అబద్ధాన్ని సరిదిద్దాలి. డేవిస్ జీవితం మీద 2008లో 'ది ఎక్స్‌ప్రెస్' అనే సినిమా వచ్చింది. అందులో 1959 వెస్ట్ వర్జీనియా ఆటను ఆ రాష్ట్రంలోని మోర్గన్‌టౌన్‌లో జరిగినట్టు చూపించారు. ప్రేక్షకులు సీసాలు విసురుతారు, బూతులు తిడతారు, గీత దగ్గర డేవిస్‌ని కోచ్ బయటికి లాగేస్తాడు. నిజానికి ఆ ఏడాది ఆ ఆట జరిగింది సిరక్యూస్‌లో, సొంత మైదానంలో. సినిమా చూసి వెస్ట్ వర్జీనియా వాళ్ళు నొచ్చుకున్నారు, నొచ్చుకోవాల్సిందే. జరగని అవమానాన్ని కల్పించాల్సిన అవసరం ఏముంది? జరిగింది చాలదా? అది డాలస్‌లో జరిగింది.

1960 జనవరి 1, మళ్ళీ కాటన్ బౌల్. ప్రత్యర్థి టెక్సస్ యూనివర్సిటీ. కోచ్ డారెల్ రాయల్ తయారు చేసిన గట్టి జట్టు. అందులో ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. టెక్సస్ ప్రధాన ఫుట్‌బాల్ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు జూలియస్ విట్టియర్ ఆడడానికి ఇంకా పదేళ్ళు పట్టింది. సిరక్యూస్ జట్టులో ముగ్గురున్నారు: ఎర్నీ డేవిస్, ఫుల్‌బ్యాక్ ఆర్ట్ బేకర్, ముందు వరసలో ఆడే జాన్ బ్రౌన్.

దక్షిణాది జట్లతో ఆడేటప్పుడు ఉత్తరాది యూనివర్సిటీలు తమ నల్లజాతి ఆటగాళ్ళని ఇంట్లోనో, బెంచీ మీదో ఉంచేయడం అంతకు ముందు రివాజు. మన పాఠకులకి తప్పక చెప్పాల్సిన కథ ఒకటి ఆ రివాజులోనే, ఆ సిరక్యూస్‌లోనే ఉంది. 1930లలో అక్కడ విల్మెత్ సిదాత్-సింగ్ అనే గొప్ప ఆటగాడు ఉండేవాడు. పుట్టుకతో నల్లజాతివాడు. తండ్రి చనిపోయాక తల్లి శామ్యూల్ సిదాత్-సింగ్ అనే భారతీయ డాక్టర్‌ని పెళ్ళాడింది. న్యూయార్క్ హార్లెంలో ప్రాక్టీసు చేసిన ఆ డాక్టర్ పిల్లాడిని దత్తు తీసుకుని తన ఇంటిపేరు ఇచ్చాడు. ఆ పేరు చూసి పత్రికలు అతన్ని 'హిందువు' అని రాసేవి. యూనివర్సిటీ కాదనలేదు. హిందువైతే ఆడనిస్తారు, నల్లజాతివాడైతే ఆడనివ్వరు! 1937లో మేరీలాండ్‌తో ఆటకి ముందు ఒక నల్లజాతి పత్రిక అసలు సంగతి అచ్చువేసింది. మేరీలాండ్ అభ్యంతరం చెప్పింది, సిరక్యూస్ తలొగ్గి అతన్ని కూర్చోబెట్టింది. జట్టు 13-0తో ఓడింది. మరుసటేడు మేరీలాండ్ సిరక్యూస్‌కి వచ్చినప్పుడు సిదాత్-సింగ్ ఆడాడు. ఫలితం 53-0. తర్వాత అతను నల్లజాతి పైలట్ల టస్కీగీ వైమానిక దళంలో చేరి, 1943లో శిక్షణలో ఉండగా విమానం హ్యూరాన్ సరస్సులో కూలి చనిపోయాడు. మన దేశపు ఇంటిపేరు మోసిన ఆ కుర్రాడి గురించి మనలో ఎంతమందికి తెలుసు?

మళ్ళీ డాలస్‌కి. ఆటకి ముందు ప్రాక్టీసులో డేవిస్ తొడ కండరం పట్టేసింది. ఆడగలడో లేదో అనుకున్నారు. ఆట మొదలైన కాసేపటికే సిరక్యూస్ బంతి సొంత గీతకి దగ్గర్లో, 13వ గజం దగ్గరుంది. జర్మనీలో పుట్టి అమెరికా వచ్చిన కెప్టెన్ గెర్హార్డ్ ష్వెడెస్ పరుగెత్తుతున్నట్టు కనిపించి, ఉన్నట్టుండి బంతిని గాల్లోకి విసిరాడు. డేవిస్ దాన్ని అందుకుని, నొప్పి కాలితో, ఎవరికీ దొరక్కుండా చివరిదాకా పోయాడు. 87 గజాలు. కాటన్ బౌల్ చరిత్రలో అంతవరకు అంత పొడవైన పాస్ టచ్‌డౌన్ లేదు. తర్వాత ఒక గజం దూరం నుంచి తోసుకుపోయి రెండో టచ్‌డౌన్ చేశాడు. కాపు కాస్తూ టెక్సస్ విసిరిన పాస్ ఒకటి మధ్యలోనే పట్టేసి మూడో టచ్‌డౌన్‌కి దారి వేశాడు. విరామానికి ముందు మైదానంలో కొట్లాట జరిగింది. జాన్ బ్రౌన్‌ని జాతి పేరుతో తిట్టారన్నది సిరక్యూస్ ఆటగాళ్ళ ఫిర్యాదు. ఆట 23-14తో సిరక్యూస్‌ది. అత్యుత్తమ ఆటగాడు ఎర్నీ డేవిస్.

ఆ రాత్రి బహుమతుల విందు. డేవిస్ వచ్చి అవార్డు తీసుకోవచ్చు, తీసుకున్నాక ఉండడానికి మాత్రం వీల్లేదని నిర్వాహకులు చెప్పారు. నల్లవాళ్ళకి ప్రవేశం లేని చోట పెట్టిన విందు అది. జట్టులోని తెల్లవాళ్ళకి ఒళ్ళు మండింది. తామూ లేచి వెళ్ళిపోతామన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళని అధికారులు వారించారని కొందరు, అందరం బయటికి నడిచామని కొందరు ఏళ్ళ తర్వాత రెండు రకాలుగా చెప్పారు. దేశంలోకెల్లా గొప్ప జట్టులో, ఆ రోజు మైదానంలో అందరికంటే బాగా ఆడినవాడికి ఆ హాల్లో కుర్చీ లేకుండా పోయిందన్న మాటలో తేడా లేదు. సరిగ్గా నెల తిరిగేసరికి, 1960 ఫిబ్రవరి 1న, నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వుల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని, వడ్డించేదాకా లేవమన్నారు. ఆ నలుగురూ డేవిస్ ఈడువాళ్ళే.

1960 సీజన్‌లో జట్టు కాస్త తగ్గింది. ఏడు గెలుపులు, రెండు ఓటములు, బౌల్ ఆట లేదు. డేవిస్ తగ్గలేదు. 112 పరుగులకి 877 గజాలు. సగటు 7.8. మంచి ఆటగాడికి ఐదు అని గుర్తుంచుకోమన్నాను కదా. ఇతను రెండుసార్లు బంతి పట్టాడంటే పది గజాలు దాటిపోయినట్టే, నాలుగు అవకాశాలు అక్కర్లేదు. ట్రోఫీ వచ్చింది 1961లోనైనా, ఆటపరంగా అతని శిఖరం 1960 అని నా అభిప్రాయం.

1961లో ప్రత్యర్థులందరికీ అతనే గురి. ముందు వరసలోని పాత యోధులు చదువు ముగించి వెళ్ళిపోయారు. సందులు ఇరుకయ్యాయి. 150 సార్లు బంతి మోసి 823 గజాలు తెచ్చాడు, సగటు 5.5కి దిగింది. నవంబర్‌లో నోటర్‌డామ్ మీద 15-14 ఆధిక్యంలో ఉండగా, అవతలి కిక్ గురి తప్పి, సమయం కూడా అయిపోయింది. సిరక్యూస్ ఆటగాడు కిక్ దగ్గర మనిషి మీద పడ్డాడని పెనాల్టీ ఇచ్చి మళ్ళీ తన్నించారు. రెండోసారి తగిలింది. 17-15. సమయం దాటాక అలా కిక్ ఇవ్వొచ్చా అని రూల్సు పుస్తకం పట్టుకుని రోజుల తరబడి వాదించుకున్నారు. ఫలితం మారలేదు.

అయినా మూడేళ్ళ మొత్తం తీస్తే 360 పరుగులు, 2,386 గజాలు, సగటు 6.6. జిమ్ బ్రౌన్ మూడేళ్ళ మొత్తం 2,091. టచ్‌డౌన్లు బ్రౌన్‌వి 25, డేవిస్‌వి 35. పాయింట్లు 187 ఎక్కడ, 220 ఎక్కడ! అప్పట్లో బౌల్ ఆటల గజాలు ఈ లెక్కల్లో కలిపేవారు కాదు. కలిపితే ఇంకా పెరుగుతాయి. బ్రౌన్ కంటే డేవిస్ గొప్పవాడని నేను అనను. బ్రౌన్‌కి తోడుగా ఆ ముందు వరస లేదు. కానీ బ్రౌన్ రికార్డులు విరగ్గొట్టినవాడిని పక్కన పెట్టడం ఇక ఓటర్లకి సాధ్యం కాలేదు.

హైస్‌మన్ ట్రోఫీ 1935లో మొదలైంది. న్యూయార్క్ డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ ఇచ్చేది, దేశమంతటా ఉన్న క్రీడా విలేఖరులు ఓట్లేసేవారు. అప్పటికి 26 మంది అందుకున్నారు, 26 మందీ తెల్లవాళ్ళే. 1961లో డేవిస్‌కి 824 పాయింట్లు, ఒహాయో స్టేట్ ఫుల్‌బ్యాక్ బాబ్ ఫెర్గూసన్‌కి 771. ఫెర్గూసన్ కూడా నల్లజాతివాడే. ఒక్కసారి ఆలోచించండి. ఐదేళ్ళ కింద బ్రౌన్‌ని ఐదో స్థానానికి తోసినవాళ్ళకి ఈసారి మొదటి రెండు స్థానాల్లోనూ నల్లజాతి ఆటగాళ్ళే కనపడ్డారు.

డిసెంబర్ 6న న్యూయార్క్‌లో ట్రోఫీ ప్రదానం. అదే రోజు అధ్యక్షుడు కెనెడీ ఒక ఉపన్యాసం కోసం ఆ నగరంలో ఉన్నాడు. డేవిస్‌ని చూడాలని కబురు పెట్టాడు. వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో ఇద్దరూ చేయి కలిపారు. డాలస్‌లో విందు హాలు నుంచి పంపేసి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు.

ఆ వారంలోనే మరో తలుపు తెరుచుకుంది, అది సంతోషంగా తెరిచినది కాదు. ప్రొఫెషనల్ లీగ్‌లో వాషింగ్టన్ జట్టు యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ తన జట్టులోకి ఒక్క నల్లజాతి ఆటగాడినీ రానివ్వలేదు. లీగ్ మొత్తంలో అలా మిగిలిన జట్టు అదొక్కటే. దాని కొత్త స్టేడియం ప్రభుత్వ భూమిలో ఉంది. ఇంటీరియర్ శాఖ మంత్రి స్టూవర్ట్ యుడాల్ దాన్ని పట్టుకున్నాడు. వివక్ష మానకపోతే స్టేడియం ఇవ్వం అన్నాడు. మార్షల్ దిగొచ్చాడు. 1961 డిసెంబర్ 4న ఆటగాళ్ళ ఎంపికలో మొట్టమొదటి పేరుగా వాషింగ్టన్ పిలిచింది ఎర్నీ డేవిస్‌నే. ఆ లీగ్ ఎంపికలో మొదటి స్థానంలో పిలిపించుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. తర్వాత అతన్ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చి, బదులుగా బాబీ మిచెల్‌నీ మరొకరినీ తీసుకున్నారు. మిచెల్ కూడా నల్లజాతివాడే. వాషింగ్టన్ గోడ అలా కూలింది. క్లీవ్‌లాండ్‌లో డేవిస్ ఇక జిమ్ బ్రౌన్ పక్కనే ఆడాలి.

కాలేజీ ఆటకి ఇంకొకటి మిగిలింది. డిసెంబర్ 16న ఫిలడెల్ఫియాలో లిబర్టీ బౌల్, ప్రత్యర్థి మయామి. సిరక్యూస్ 14-0 వెనకబడింది. ట్రోఫీ చేతికొచ్చింది, ప్రొఫెషనల్ జట్టు ఖాయమైంది, ఒళ్ళు దాచుకుని ఆడినా అడిగేవాడు లేడు. డేవిస్ 30 సార్లు బంతి అడిగి తీసుకున్నాడు. 140 గజాలు, ఒక టచ్‌డౌన్. జట్టు 15-14తో గెలిచింది. అతను ఆడిన చివరి కాలేజీ ఆట అది.

క్యాంపస్‌లో అతను ఎలా ఉండేవాడో ఒక్క సంగతి చెబితే చాలు. 'సిగ్మా ఆల్ఫా మ్యూ' అనే యూదు విద్యార్థుల సంఘం అతన్ని సభ్యుడిగా చేర్చుకుంది. ఆ సంఘంలో చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి అతనే. ఉపన్యాసాలు ఇచ్చే మనిషి కాదు. ఆ మెత్తదనాన్ని కొందరు లొంగుబాటు అనుకున్నారు. నాకలా అనిపించదు. తనని వెళ్ళిపొమ్మన్న ఊళ్ళో తొడ నొప్పితో 87 గజాలు పరుగెత్తినవాడు లొంగిన మనిషి కాదు.

1962 వేసవిలో షికాగో దగ్గర కాలేజీ మేటి ఆటగాళ్ళ జట్టుతో సాధన చేస్తుండగా ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేర్చారు. లుకేమియా అని తేలింది. క్లీవ్‌లాండ్ జెర్సీతో ఒక్క ఆటా ఆడలేదు. 1963 మే 18న, 23 ఏళ్ళకి కన్నుమూశాడు. ఎల్మైరాలో కడసారి చూపుకి దాదాపు పదివేల మంది వరస కట్టారు. వుడ్‌లాన్‌లోనే సమాధి చేశారు.

పోయేలోగా అతను సిరక్యూస్‌కి ఒక పని చేసిపెట్టాడు. ఫ్లాయిడ్ లిటిల్ అనే కుర్రాడిని కలిసి, తన యూనివర్సిటీకి రమ్మని అడిగాడు. బ్రౌన్ తనకి చేసినదే తను ఇంకొకరికి చేశాడు. డేవిస్ చనిపోయిన వార్త విన్న రోజే లిటిల్ సిరక్యూస్‌కి ఫోన్ చేసి వస్తానన్నాడు. 44వ నంబరు వేసుకుని 1964 నుంచి మూడేళ్ళు ఆడాడు. తర్వాత యూనివర్సిటీకి వచ్చిన పిన్‌కోడ్ 13244 చివర్లో కూడా ఆ అంకెలే ఉన్నాయి. 2005లో ఆ జెర్సీని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టారు.

నంబరుకి అంత గౌరవం ఇచ్చిన చోట, ఆ నంబరు వేసుకున్నవాళ్ళ జాతికి న్యాయం జరిగిందా అంటే, లేదు. డేవిస్ పోయిన ఏడేళ్ళకి, 1970లో, అదే ష్వార్ట్‌జ్‌వాల్డర్ జట్టులోని తొమ్మిదిమంది నల్లజాతి ఆటగాళ్ళు ఆట బహిష్కరించారు. నల్లజాతి సహాయ కోచ్‌ని పెట్టండి, సరైన వైద్యం చేయించండి, చదువులో తోడ్పడండి అని అడిగినందుకు వాళ్ళ ఆట అక్కడితో ఆగిపోయింది. యూనివర్సిటీ వాళ్ళకి క్షమాపణ చెప్పింది 2006లో. ఆ తొమ్మిదిమంది కథ వచ్చే భాగంలో.

(సశేషం)